ఎఫ్10 నొక్కితే పాత దీవి

2009 జులైలో ఒక పాత వీడియో గేమ్ కొత్త రంగులు వేసుకుని మళ్ళీ వచ్చింది. పేరు ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్. అసలు ఆట 1990ది. సముద్రపు దొంగల కథ. కొత్తదానికి స్పెషల్ ఎడిషన్ అని పేరు పెట్టారు. బొమ్మలన్నీ మళ్ళీ గీశారు, పాత్రలకి గొంతులు ఇచ్చారు, సంగీతం మళ్ళీ వాయించారు. ఇంతా చేసి ఇంకో చిన్న పని కూడా చేశారు. కంప్యూటర్‌లో ఆడుతూ ఉన్నప్పుడు ఎఫ్10 కీ నొక్కితే కొత్త బొమ్మ పోయి, అదే చోట, అదే క్షణంలో పాత ఆట కనబడుతుంది. మళ్ళీ నొక్కితే కొత్తది. ఆట మీద వచ్చిన రివ్యూల్లో ఎక్కువ మంది మెచ్చుకున్నది ఈ ఒక్క కీనే.

మనింటి బ్లాగులో అవ్వ వంటలు, తాత కథలు, పెళ్ళి ఫొటోలు తప్ప వేరేవి రావు కదా, ఇక్కడ వీడియో గేమ్ ఏమిటి అంటారేమో. కారణం ఉంది. చిన్నాయన దగ్గర ఉన్న అవ్వ క్యాసెట్లని టైప్ చేయాలని అందరం అనుకున్నప్పటి నుంచి ఒకటే వాదన నడుస్తా ఉంది. అవ్వ కోలారు తెలుగులో ఎట్లా అన్నదో అట్లే రాయాలా, పుస్తకాల తెలుగులోకి దిద్ది రాయాలా? దిద్దకపోతే పిల్లలు తప్పు తెలుగు నేర్చుకుంటారని హైదరాబాద్ పిన్ని. ఒక్క అక్షరం ముట్టుకోవద్దని చిన్నాయన. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పాతదాన్ని కొత్తగా చేసినప్పుడు ఏది మారొచ్చు, ఏది మారకూడదు అని చూడటమే రోజూ నా పని. అందుకే ఈ వాదన వినేటప్పుడల్లా నాకు ఆ ఆటా, దానిమీద విమర్శకులు అన్న మాటలూ గుర్తుకొస్తా ఉన్నాయి. అవే రాస్తాను.

ముందు ఆట గురించి. లూకస్‌ఫిల్మ్ గేమ్స్ అనే సంస్థలో రాన్ గిల్బర్ట్, టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ కలిసి రాశారు. కరీబియన్ సముద్రంలో ఒక ఊహా దీవి. అక్కడికి గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే కుర్రాడు వచ్చి, నేను సముద్రపు దొంగ కావాలి అంటాడు. పేరు వింటేనే అందరూ నవ్వుతారు. పెద్ద దొంగలు వాడికి మూడు పరీక్షలు పెడతారు: కత్తియుద్ధం, దొంగతనం, నిధి వెతకడం. మధ్యలో లెచక్ అనే దెయ్యపు దొంగ, ఎలేన్ మార్లీ అనే గవర్నరు. ఇద్దరిలో గైబ్రష్ కంటే తెలివైనది ఎలేనే.

ఇందులో కాల్చడం, పరుగెత్తడం ఉండవు. స్క్రీన్ కింద క్రియాపదాల పట్టీ ఉంటుంది: తెరువు, మూయి, తొయ్యి, లాగు, ఇవ్వు, తీసుకో, చూడు, మాట్లాడు, వాడు. ఒక క్రియ మీద నొక్కి, తర్వాత బొమ్మలో ఒక వస్తువు మీద నొక్కాలి. అంటే ప్రతి పనీ ఒక చిన్న వాక్యం. కన్నడ మీడియంలో చదివిన నాకు ఇంగ్లీషు వాక్యం కట్టడం అంటే చెమటలు పట్టే రోజుల్లో ఇది మంచి బడిలా ఉండింది. తప్పు వాక్యం కట్టినా ఎవరూ కొట్టరు, గైబ్రష్ ఏదో ఒక జోకు వేస్తాడు, అంతే. ఆటలో చావు కూడా దాదాపు లేదు. తెలియక ఒక తలుపు తీస్తే చచ్చిపోయి మొదటి నుంచి మొదలుపెట్టించే ఆటలంటే గిల్బర్ట్‌కి పడదు. 1989లోనే దాని మీద ఒక వ్యాసం రాశాడు. ఒక్క చోట మాత్రం, గైబ్రష్‌ని సముద్రం అడుగున పడేస్తారు. వాడు 10 నిమిషాలు ఊపిరి బిగబట్టగలనని గొప్పలు చెప్పుకునేవాడు. నిజంగా 10 నిమిషాలు ఊరికే కూర్చుంటే చచ్చిపోతాడు. ఇట్లాంటివి చూస్తే టెస్టర్లకి ప్రాణం లేచి వస్తుంది.

ఇట్లాంటి ఆటని 19 ఏళ్ళ తర్వాత మళ్ళీ చేయడం చిన్న సంగతి కాదు. చిన్నప్పుడు ఆడినవాళ్ళు అప్పటికి పెద్దవాళ్ళై, కొందరు గేమ్ విమర్శకులే అయ్యారు. గిల్బర్ట్ 1992లోనే సంస్థ వదిలిపెట్టాడు. సంస్థ పేరు లూకస్ ఆర్ట్స్ అయింది. మళ్ళీ చేసినవాళ్ళు తర్వాతి తరం. తాతల ఇంటికి మనవళ్ళు సున్నం కొట్టించినట్టే అనుకోండి. పాత గోడ మీద ఎవరి పేరు చెక్కి ఉందో చూసుకుని కొట్టాలి.

మొత్తం మీద రివ్యూలు బాగా వచ్చాయి. విమర్శకుల మార్కుల్ని కలిపి సగటు తీసే మెటాక్రిటిక్‌లో 100కి 80 దాటింది. పది డాలర్ల ఆటకి అది మంచి మార్కే. మెచ్చుకున్న సంగతులు మూడు. మొదటిది నేను చెప్పిన కీ. రెండోది గొంతులు. 1990లో అందరూ చదువుకున్న మాటలు ఇప్పుడు వినబడ్డాయి. గైబ్రష్‌కి గొంతు ఇచ్చిన డొమినిక్ అర్మాటో, లెచక్‌కి ఇచ్చిన అర్ల్ బోయెన్ కొత్తవాళ్ళు కాదు, 1997లో వచ్చిన మూడో భాగంలోనే ఆ పాత్రలకి మాట్లాడినవాళ్ళు. మూడోది చిక్కుముడి విడకపోతే సూచన ఇచ్చే ఏర్పాటు. మొదటిసారి అడిగితే కొంచెం చెబుతుంది, మళ్ళీ అడిగితే ఇంకొంచెం. పాతకాలంలో అయితే కంపెనీకి ఫోన్ చేసి డబ్బు కట్టి అడగాల్సి వచ్చేది, లేదా నెలల తరబడి తల గోక్కోవాల్సి వచ్చేది.

తిట్టిన సంగతులూ మూడే. నాకు వీటిలోనే జాస్తి పాఠం కనబడింది.

మొదటిది గైబ్రష్ జుట్టు. కొత్త బొమ్మలో వాడి జుట్టు ముందుకి ఎత్తి దువ్వినట్టు, తల మీద ఇంకో తల ఉన్నట్టు ఉంటుంది. దాని మీద అందరూ జోకులు వేశారు. పాత ఆటలో నడిచే గైబ్రష్ వేలెడంత బొమ్మ, వాడి జుట్టు నాలుగైదు చుక్కలు. ఆ చుక్కల్లో ప్రతివాళ్ళూ తమకి నచ్చిన జుట్టు చూసుకున్నారు. దాన్ని పెద్దదిగా, స్పష్టంగా గీసేసరికి గీసినవాళ్ళ ఊహ ఒక్కటే మిగిలింది.

రెండోది క్రియల పట్టీ. కొత్త రూపంలో స్క్రీన్ అందంగా ఉండాలని ఆ పట్టీని దాచేశారు. కావాలంటే ఇంకో బటన్ నొక్కి పైకి తెచ్చుకోవాలి. చాలామందికి ఇది విసుగు పుట్టించింది. అక్కడ చేయదగ్గవి ఏమేమి ఉన్నాయో ఎప్పుడూ కళ్ళ ముందు ఉంటేనే ఇది చేసి చూద్దామా అనే ఆలోచన వస్తుంది. కనబడకపోతే వాడటం మానేస్తాం. పట్టీ ఆటలోంచి పోలేదు, కనుచూపులోంచి పోయింది. ఆడేవాళ్ళకి రెండూ ఒకటే.

మూడోది నడక. కొత్త బొమ్మలు కొయ్యబొమ్మల్లా కదులుతున్నాయని చాలా రివ్యూల్లో రాశారు. దీని వెనక ఒక పని తీరు ఉంది. కొత్త ఆట కింద పాత ఆటే నడుస్తూ ఉంటుంది. పాతది ఎక్కడ అడుగు వెయ్యమంటే అక్కడ కొత్త బొమ్మ అడుగు వేస్తుంది. అందుకే ఎఫ్10 నొక్కగానే ఒక్క క్షణం కూడా ఆగకుండా అటూ ఇటూ మారగలుగుతుంది. పాత చిన్న బొమ్మకి ఆ నాలుగు అడుగుల నడక సరిపోయింది. పెద్ద బొమ్మకి అదే నడక పెడితే కాలికి కట్టు కట్టుకున్నట్టు ఉంటుంది. ఒంటికి కొత్త రంగు పూసి, నడక మాత్రం పాతదే ఉంచితే వచ్చే తిప్పలు ఇవి.

ఇది చదివినప్పుడు నాకు పిన్ని దిద్దిన బస్సారు పేజీ గుర్తుకొచ్చింది. అవ్వ క్యాసెట్‌లో అన్నది ఇది: "పప్పూ ఆకూ ఉడకపెట్టేది. ఆమీద నీళ్ళు వంచి పక్కన పెట్టేది. ఆ నీళ్ళకి కారం రుబ్బి పోస్తే బస్సారు." పిన్ని దాన్ని ఇట్లా మార్చింది: "పప్పును, ఆకుకూరను ఉడికించవలెను. తదుపరి నీటిని వార్చి పక్కన ఉంచవలెను. ఆ నీటికి కారము నూరి కలిపిన చారు అగును." మాటలు మారాయి, వాక్యం నడక అవ్వదే. అందుకే అవ్వా కనబడదు, పుస్తకమూ కనబడదు. పైగా బస్సారు చారు కాదు. పప్పూ ఆకూ ఉడికించి వార్చిన నీళ్ళతో చేసేది అది. కన్నడలో బసి అంటే వార్చడం. మన ఇళ్ళల్లో ఆ పేరు అట్లే నిలిచిపోయింది. చారు అని దిద్దితే మాటతో పాటు వంట కూడా పోయింది. పిన్ని మంచికే చేసింది, ఆమెకి తెలుగు మీద ఉన్న ప్రేమని నేను ఎత్తిచూపడం లేదు. పుస్తకాల తెలుగులో కూడా బస్సారు పేజీ ఉండాల్సిందే. అయితే దాన్ని మొదటి నుంచీ ఆ తెలుగు నడకలోనే రాయాలి.

చిన్నాయన వాదన కూడా సులభంగా తెగేది కాదు. ఒక్క అక్షరం ముట్టుకోవద్దు, అసలు రూపం అట్లే ఉండాలి అంటాడు. అసలు రూపం ఏది? మళ్ళీ ఆటకే వస్తాను. ఎఫ్10 నొక్కితే కనబడేది మొట్టమొదటి రూపం అనుకుంటారు చాలామంది. కాదు. 1990లో మొదట వచ్చినప్పుడు ఆ ఆటలో ఉన్నవి 16 రంగులే. తర్వాత 256 రంగులతో బొమ్మలు మళ్ళీ వేశారు. 1992లో సీడీ మీద వచ్చినప్పుడు సంగీతం మారింది. క్రియలు మొదట 12 ఉండేవి, తర్వాత 9 అయ్యాయి. ఎఫ్10 చూపించేది 256 రంగుల బొమ్మల్ని. పాతది అని మనం అనుకునేది కూడా అప్పటికే రెండు మూడు సార్లు దిద్దుకున్నది.

పోయిన సంగతుల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. మొదటి రూపంలో అడవిలో ఒక చెట్టు మోడు ఉంటుంది. దానిలోకి చూస్తే లోపల సొరంగం ఉంది అంటాడు గైబ్రష్. వెంటనే ఫలానా నంబరు డిస్క్ పెట్టండి అని ఆట అడుగుతుంది. అట్లాంటి డిస్క్ పెట్టెలో లేనే లేదు. అది ఉత్త తమాషా. ఆ రోజుల్లో ఆటలు చాలా ఫ్లాపీల్లో వచ్చేవి, మాటిమాటికీ మార్చాల్సి వచ్చేది, దాని మీద వేసిన జోకు అది. కొన్నవాళ్ళు మాత్రం మా పెట్టెలో డిస్కులు తక్కువ వచ్చాయని కంపెనీకి ఫోన్లు చేశారు. సీడీ రూపం వచ్చేసరికి ఆ జోకు తీసేశారు. మా భాషలో చెప్పాలంటే బగ్ కానిదాన్ని బగ్ అని రిపోర్ట్ చేస్తే, దాన్ని ఫిక్స్ చేశారు. అవ్వ అన్న ఎన్ని మాటలు ఇట్లా "తప్పు" అని ఫిక్స్ అయిపోయి ఉంటాయో అనిపిస్తుంది నాకు.

అవ్వ కూడా ఒకే మాట రెండుసార్లు ఒకేలా చెప్పేది కాదు కదా. మన పెద్దలు అనంతపురం వైపు నుంచి వచ్చిన కథలో ఒక క్యాసెట్‌లో ఎద్దులబండి ఉంటుంది, ఇంకోదానిలో కాలినడక. వింటున్నది ఎవరో చూసి కథ మార్చేది. ఏది అసలు? రెండూ. అందుకే ముట్టుకోవద్దు అనే మాటని నేను ఇట్లా అర్థం చేసుకుంటాను: ఏ క్యాసెట్‌లో ఏమన్నదో, ఏ తేదీన అన్నదో అది రాసి పెట్టాలి, ఇంకోదాన్ని అబద్ధం అని కొట్టేయకూడదు.

విమర్శకుల మాట కంపెనీ వింది. 2010లో రెండో భాగానికి కూడా స్పెషల్ ఎడిషన్ తెచ్చారు. జుట్టు సర్దారు. క్రియల్ని వస్తువు చుట్టూ చక్రంలా కనబడేటట్టు పెట్టారు. అన్నిటికంటే అందరూ అడిగింది ఇంకొకటి ఉంది. మొదటి దానిలో పాత బొమ్మకి మారితే గొంతులు పోయేవి. పాత బొమ్మలతోనే కొత్త గొంతులు వినే ఏర్పాటు రెండోదానిలో చేశారు. ఆటని రాసిన ఆ ముగ్గురు, గిల్బర్ట్, షేఫర్, గ్రాస్‌మన్, ఆడుతూ ఉండగా పక్కన మాట్లాడుకునే వ్యాఖ్యానం కూడా పెట్టారు. పాత బొమ్మ చూస్తూ, దాన్ని చేసినవాళ్ళ ముచ్చట్లు వినడం. ఇది చాలామందికి నచ్చింది. అయినా ఒకటి పోయింది. పాత ఆట మొదట్లో పేర్లు పడేటప్పుడు కోతులు నాట్యం చేసేవి. అది కొత్తదానిలో లేదు. ఆడి పెరిగినవాళ్ళకి వెంటనే తెలిసిపోయింది. ఎంత చిన్నదైనా సరే, ఇంట్లో పెరిగినవాళ్ళకి ఏది లేదో తెలుస్తుంది.

ఇదే రెండో భాగంలో భాషకి సంబంధించిన పెద్ద తమాషా ఒకటుంది. ఒక చిక్కుముడి విప్పాలంటే కోతిని పానాగా వాడాలి. ఎందుకంటే అమెరికా ఇంగ్లీషులో ఒక రకం పానాని మంకీ రెంచ్ అంటారు. ఆ మాట తెలియనివాళ్ళు ఎన్నేళ్ళు కూర్చున్నా విప్పలేరు. బ్రిటన్‌లో పానాని స్పానర్ అంటారు, వాళ్ళూ చిక్కుకున్నారు. ఇంకో భాషలోకి మార్చితే అసలు దారే లేదు. ఒక ఊరి మాట మీద కట్టిన ముడి ఆ ఊరు దాటితే విడదు. దిద్ది దాన్ని సరిచేయలేరు. పక్కన నిలబడి, ఈ మాటకి అక్కడ ఈ అర్థం ఉంది అని చెప్పాల్సిందే. అవ్వ మాటల్లో సగం ఇట్లాంటివే. పొద్దున పూట "తిండి అయిందా" అని అడిగితే కోలారు వైపు టిఫిన్ అయిందా అని. హైదరాబాద్ పిల్లలకి అది ఎట్లా తెలుస్తుంది? దిద్దొద్దు, కింద ఒక్క వాక్యం రాయండి, చాలు.

స్పెషల్ ఎడిషన్ అనే మాటకి ఆ కంపెనీ ఇంటి చరిత్ర కూడా ఉంది. జార్జ్ లూకస్ 1997లో తన స్టార్ వార్స్ సినిమాల్ని అదే పేరుతో మళ్ళీ విడుదల చేశాడు. కొత్త దృశ్యాలు కలిపాడు, కొన్ని మార్చాడు. ఆ తర్వాత పాత రూపాలు దొరకడమే కష్టమైంది. అభిమానుల కోపం కొత్త దృశ్యాల మీద కంటే పాతవి దొరకకపోవడం మీదే ఎక్కువ. అదే ఇంటి నుంచి వచ్చిన ఆటలో మాత్రం ఒక్క కీతో పాతది తెరుచుకుంటుంది. రెండిటి పేరూ ఒకటే. జుట్టు గురించి అంత ఎగతాళి చేసిన విమర్శకులు కూడా ఆటకి మంచి మార్కులే వేశారంటే దానికి కారణం నాకు ఇదే అనిపిస్తుంది. నచ్చనిది పక్కన పెట్టే దారి చేతిలో ఉంటే నచ్చనిదాని మీద కోపం నిలవదు.

2022లో ఇంకో సంగతి జరిగింది. గిల్బర్ట్ చాలా ఏళ్ళ తర్వాత స్వయంగా రిటర్న్ టు మంకీ ఐలాండ్ తీశాడు. బొమ్మల తీరు పూర్తిగా కొత్తది, కాగితం కత్తిరించి అతికినట్టు కోణాలు కోణాలుగా ఉంటుంది. ట్రైలర్ రాగానే కొందరు అభిమానులు విరుచుకుపడ్డారు. ఆటని పుట్టించినవాణ్ణే, ఇది మా ఆట కాదు అని తిట్టారు. మాటలు మరీ నీచంగా పోయేసరికి ఆయన తన బ్లాగులో ఆట గురించి చెప్పడమే ఆపేశాడు. సెప్టెంబరులో ఆట వచ్చాక విమర్శకులు బాగుందన్నారు. దీన్ని చిన్నాయనకి చూపించాలి. పాతదాన్ని కాపాడుతున్నాం అనుకుంటూ, దాన్ని చేసినవాళ్ళ నోరే మూయించే వరకు పోవచ్చు. మన పిల్లలు బెంగళూరు తెలుగులో, సగం కన్నడ, సగం ఇంగ్లీషు కలిపి అవ్వ కథ మళ్ళీ చెబితే అదీ మన ఇంటిదే. అవ్వ కూడా అట్లే చెప్పింది కదా, ఆ కాలం కన్నడ కలిపి.

ఆటలో కత్తియుద్ధం గురించి చెప్పి ముగిస్తాను. అక్కడ యుద్ధం కత్తితో గెలవరు, మాటతో గెలుస్తారు. ఎదుటివాడు ఒక తిట్టు తిడతాడు, దానికి సరైన ఎదురు జవాబు తెలిస్తే మీదే పైచేయి. తిట్లు, జవాబులు ఓడిపోతూ ఓడిపోతూ నేర్చుకోవాలి. అన్నీ నేర్చుకుని కత్తియుద్ధపు గురువు దగ్గరికి వెళితే, ఆమె ఎప్పుడూ వినని కొత్త తిట్లు తిడుతుంది. మొదట కాళ్ళు వణుకుతాయి. కాసేపటికి అర్థమవుతుంది, దారిలో నేర్చుకున్న పాత జవాబులే ఈ కొత్త తిట్లకి అతికినట్టు సరిపోతాయని. 2009 రివ్యూలు రాసినవాళ్ళకి కూడా ఈ ఘట్టమంటే ఎంత ఇష్టమో చదివితే తెలుస్తుంది. బొమ్మలు పాతవైనా కొత్తవైనా దీని రుచి తగ్గలేదు. అవ్వ మాటల మీద కూడా నా నమ్మకం అంతే. ఆమె ఇచ్చిన జవాబులు మన చేతికి సరిగ్గా అందితే, మన పిల్లలకి ఎదురయ్యే ప్రశ్నలకి ఎక్కడో ఒక చోట సరిపోతాయి. అందాలంటే ముందు అవి అట్లే ఉండాలి.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ప్రతి క్యాసెట్‌కీ ఒక పేజీ. పైన అవ్వ గొంతు. దాని కింద అవ్వ అన్నట్టే, అవ్వ అక్షరాల్లోనే. దాని పక్కన పిన్ని తెలుగు, దిద్దినది కాకుండా పిన్ని తన మాటల్లో మళ్ళీ రాసినది. కష్టమైన కోలారు మాటలకి కింద అర్థాలు. రెండిటి మధ్య మారడానికి ఒక బటన్ నేను పెడతాను, అది నాకు వచ్చిన పనే. పాత పేజీని మాత్రం ఎప్పటికీ తీసేయకూడదు, దాచకూడదు, వెతుక్కునేటట్టు చేయకూడదు. చిన్నాయనా, మొదటి రెండు క్యాసెట్లు ఈ ఆదివారం పంపించు. బస్సారుతోనే మొదలుపెడదాం.